కరెంటు పోయే ఊళ్ళో పాటల సర్వరు: చిన్న కంప్యూటరు ఎంచుకోవడం ఎలా

మా నాన్నగారు 1988లో మా ఊరి నవమి పందిట్లో హరికథ రికార్డు చేసిన కాసెట్టు ఒకటి మా ఇంట్లో ఉంది. దాసుగారు గజ్జె ఆపి దమ్ము తీసుకునే చోట, వెనకాల కాలవ మీద వెళ్తున్న పడవ మోటారు చప్పుడు సన్నగా వినిపిస్తుంది. అది ఇంకే కొట్లోనూ దొరికేది కాదు. అలాంటి కాసెట్లు, సీడీలు, పెన్‌డ్రైవుల్లో పోగైన పాటలు అన్నీ ఒక చిన్న కంప్యూటర్లోకి ఎక్కించాం. ఇప్పుడు ఇంట్లో ఎవరి ఫోన్లోంచైనా, వసారాలో ఉన్న స్పీకర్లోంచైనా వింటున్నాం. ఇరవై నాలుగు గంటలూ ఒక మూల వెలుగుతూ ఉండే ఆ కంప్యూటరే మ్యూజిక్ సర్వరు. మా రాజోలు వైపు నుంచీ, అమలాపురం, పాలకొల్లు నుంచీ తెలిసినవాళ్ళు 'మేమూ పెట్టుకుంటాం, ఏది కొనమంటారు?' అని అడుగుతూనే ఉన్నారు. వాళ్ళందరికీ విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ ఒక వరసలో రాస్తున్నాను.

అడిగిన ప్రతివారూ ముందు ప్రాసెసరు గురించే అడుగుతారు. నిజానికి అది ఆఖర్న చూడాల్సిన సంగతి. సీడీలో ఉన్న పాట ఏ కుదింపూ లేకుండా పంపినా సెకనుకు 1,411 కిలోబిట్లు. పాత రకం 100 మెగాబిట్ల వైరు మీద కూడా, లెక్కప్రకారం, డెబ్బై మందికి ఒకేసారి డెబ్బై వేరువేరు పాటలు పంపొచ్చు. పదేళ్ళ నాటి కంప్యూటరుకైనా ఇది పని కిందే లెక్క కాదు. మన డెల్టాలో ఇలాంటి పెట్టెను చంపేవి వేరే ఉన్నాయి: వచ్చీపోయీ కొట్టుకునే కరెంటు, పిడుగు, చెమ్మ, సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పుగాలి, సాకెట్లలో కాపురం పెట్టే చీమలు. వాటిని తట్టుకుని ఏళ్ళ తరబడి పడుండగలదా అన్న ప్రశ్నతోనే కంప్యూటరును ఎంచండి.

మొదటి పని: పాటల లెక్క

కొట్టుకి వెళ్ళే ముందు ఒక ఆదివారం పూట కూచుని ఇంట్లో ఏమున్నాయో కాగితం మీద రాయండి. సీడీలు ఎన్ని, కాసెట్లు ఎన్ని, పెన్‌డ్రైవుల్లో ఎంత. సీడీని నాణ్యత ఏమీ పోకుండా ఫ్లాక్ ఫార్మాట్లోకి దించితే ఒక్కోటి 250 నుంచి 400 ఎంబీ వరకూ అవుతుంది. గంట కాసెట్టును అదే పద్ధతిలో దించితే 300 ఎంబీ అటూఇటూ. ఎంపీ3 పాట ఒక్కోటి 5 నుంచి 10 ఎంబీ. అంటే రెండొందల సీడీలు, వంద కాసెట్లు, పదివేల ఎంపీ3 పాటలున్న ఇల్లయినా, అంతా కలిపి 170 జీబీ దగ్గర ఆగుతుంది. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఒకటి ఉంటే ఇంకా సగానికి పైగా ఖాళీ మిగులుతుంది.

కాబట్టి 'నాలుగు టీబీ డిస్కు పట్టే పెద్ద పెట్టె కావాలేమో' అన్న దిగులు వదిలెయ్యండి. తిరిగే హార్డ్‌డిస్కు కూడా వద్దు. కరెంటు పోయిన ప్రతిసారీ అది ఠక్కున ఆగి మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక దాని గిర్రుమనే చప్పుడు పాటలో కలుస్తుంది. దాన్ని రెండో కాపీకి ఉంచుకుందాం.

ఇక్కడే ఇంకో సంగతి తేల్చుకోండి: ఈ పెట్టెలో పాటలు మాత్రమేనా, సినిమాలు కూడానా? సినిమాను ఫోనుకో, పాత టీవీకో సరిపడేలా అప్పటికప్పుడు మార్చి పంపాలంటే ఆ పని చేసిపెట్టే భాగం చిప్పులోనే ఉండాలి. ఇంటెల్ చిప్పుల్లో అది ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనేది ఒకే బోర్డు మీద ఉండే బుల్లి కంప్యూటరు, ఇక్కడ 'పై' అంటే అదే. పై 5లో వీడియోను అలా మార్చే హార్డ్‌వేరు లేదు. సినిమాలూ కావాలనుకుంటే కింద చెప్పబోయే వాటిలో ఈ రాస్ప్‌బెర్రీ పై సంగతి పక్కన పెట్టేయండి, సగం ఎంపిక అయిపోయినట్టే.

రెండో పని: పాట ఎక్కడ మోగాలి?

ఇందులో రెండు దారులున్నాయి. కంప్యూటరు రూటరు పక్కన ఉండి పాటలు పంపుతుంది, మోగేది ఫోన్లోనో బ్లూటూత్ స్పీకర్లోనో. ఇలా అయితే కంప్యూటర్లో సౌండు ఎలా ఉంటుందన్న ప్రశ్నే రాదు, ఫ్యాను కాస్త చప్పుడు చేసినా పర్వాలేదు.

రెండో దారి, కంప్యూటర్నే ఆంప్లిఫయరుకు కలపడం. మన ఇళ్ళల్లో పాత స్టీరియో ఆంప్లిఫయర్లు, పెద్ద చెక్క స్పీకర్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని పారేయకండి. వెనక ఎరుపు, తెలుపు సాకెట్లతో 'ఆక్స్' అని ఉంటే చాలు, అది పనికొస్తుంది. అయితే కంప్యూటర్లో ఉన్న హెడ్‌ఫోను సాకెట్టు నుంచి తీయకండి. పై 4 మీద ఆ సాకెట్టు ఉంది గానీ దాని నాణ్యత తక్కువ, పై 5 మీద అసలు లేదు. చిన్న యూఎస్‌బీ డ్యాక్ ఒకటి విడిగా కొనండి. అంకెల రూపంలో ఉన్న పాటను ఆంప్లిఫయరుకు పనికొచ్చే సిగ్నలుగా మార్చేది అదే. కంప్యూటరు మీద పెట్టే ఖర్చు కాస్త తగ్గించి అయినా డ్యాక్ మంచిది తీసుకోమంటాను. తేడా చెవికి తెలిసేది అక్కడే.

ఈ రెండో దారిలో ఒక చిక్కు వస్తుంది. మూడు పిన్నుల అడాప్టరున్న కంప్యూటర్ని ఎర్తింగ్ ఉన్న ఆంప్లిఫయరుకు కలిపితే, పాట లేనప్పుడు స్పీకర్లోంచి 'గుయ్' మని సన్నటి మోత వస్తుంటుంది. రెండింటి ఎర్తూ కలిసి చుట్టులా ఏర్పడటం వల్ల అది వస్తుంది. చాలామంది ఎర్త్ పిన్ను విరగ్గొట్టి 'పోయింది' అంటారు. ఆ పని మాత్రం చేయకండి, తడి చేత్తో ముట్టుకున్న రోజున ప్రాణం మీదకి వస్తుంది. కంప్యూటర్నీ ఆంప్లిఫయర్నీ ఒకే స్పైక్ బస్టర్లో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే, కంప్యూటర్లో ఆప్టికల్ సాకెట్టు ఉంటే, ఆప్టికల్ వైరు పట్టే డ్యాక్ వాడండి. ఆ వైర్లో పోయేది వెలుతురే కాబట్టి ఎర్తులు కలవవు.

మూడో పని: ఇంటి కరెంటును చూడటం

కొనబోయే ముందు ఒక వారం పాటు ఇంట్లో కరెంటు ఎలా ఉందో గమనించండి. మా వైపు రాత్రి చెరువుల మీద నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ తిరిగే వేళకి ఫ్యాను నెమ్మదిస్తుంది. దానికి భయపడక్కర్లేదు. అడాప్టరు తిప్పి చూడండి, '100-240' అని ముద్రించి ఉంటే లోవోల్టేజీని అది తట్టుకుంటుంది. దెబ్బ కొట్టేది కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి కొట్టుకునే ఆ రెండు నిమిషాలు.

నా మొదటి సర్వరు ఒక పై, మెమరీ కార్డు మీద నడిచేది. ఒక ఆషాఢం రాత్రి ఈదురుగాలికి కరెంటు ఐదారుసార్లు అలా కొట్టుకుంది. పొద్దున్న చూస్తే ఎర్ర లైటు వెలుగుతోంది, పక్కనున్న పచ్చ లైటులో చలనం లేదు. పచ్చ లైటు కార్డు చదువుతున్నప్పుడల్లా మినుకుమినుకుమనాలి. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోయి, అందులో ఉన్నదంతా చెదిరిపోయింది. పాటలు వేరే డిస్కులో ఉన్నాయి కాబట్టి బతికాయి. అమ్మ పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు వినే పాటల వరస మాత్రం పోయింది. అది మళ్ళీ కూర్చడానికి ఆవిడ పక్కన కూచుని వారం పాటు అడిగి రాసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచీ ఏ పెట్టె చూసినా మూడు ప్రశ్నలే వేస్తున్నాను: కరెంటు ఠక్కున పోతే చెడిపోకుండా ఉంటుందా, తిరిగి వచ్చినప్పుడు ఎవరూ బటను నొక్కకుండా తనంతట తాను లేస్తుందా, నెలకి ఎన్ని యూనిట్లు తింటుంది?

యూనిట్ల లెక్క సులువు. పది వాట్ల పెట్టె నెలంతా ఆగకుండా నడిస్తే 7.2 యూనిట్లు. నాలుగు వాట్లదైతే మూడు లోపే. అటక మీద ఉన్న పాత డెస్క్‌టాప్ దించి వాడదామనుకుంటారు కొందరు. అది అరవై వాట్లు తీసుకుందనుకోండి, నెలకి 43 యూనిట్లు. స్లాబు మారిపోతే ఆ బిల్లు ఏడాదికి బాగానే బరువవుతుంది. పాత డెస్క్‌టాప్‌ను కాసెట్లు ఎక్కించుకోడానికి వాడి, పనయ్యాక ఆపేయండి.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే సర్వర్నీ రూటర్నీ దాని లైను మీదే పెట్టండి. రెండూ కలిసి మామూలు సీలింగు ఫ్యాను కంటే తక్కువే తీసుకుంటాయి కాబట్టి బ్యాటరీకి భారం కాదు. చాలా ఇన్వర్టర్ల వెనక 'యూపీఎస్', 'నార్మల్' అని ఒక స్విచ్చి ఉంటుంది. అది యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. అటు ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదకు మారడం ఎంతో త్వరగా జరిగిపోతుంది, కంప్యూటరు రెప్ప కూడా వేయదు. నార్మల్లో ఉంటే ఆ కాస్త ఆలస్యానికే అది ఆగి మళ్ళీ లేస్తుంది.

నాలుగో పని: ఏ రకం?

ధరలు నెలకో రకంగా మారుతున్నాయి కాబట్టి అంకెలు రాయను. అడాప్టరు, పెట్టె, కార్డు, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపిన మొత్తాలనే పోల్చి చూడండి. ఒట్టి బోర్డు ధర చూసి 'పై చవక' అనుకుని, ఒక్కొక్కటీ కొనుక్కుంటూ పోయాక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కంటే ఎక్కువ పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

ఎక్కువ ఇళ్ళకు నేను చెప్పేది ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ మినీ కంప్యూటరు. లావుపాటి పుస్తకమంత ఉంటుంది. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ అని మూడు వంశాలు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే పడుతుంది. దాంతో ఆరు, ఏడు తరాల కంప్యూటర్లను ఆఫీసులు తీసేస్తున్నాయి. మనం ఎలాగూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తాం కాబట్టి మనకి అవి నిక్షేపంగా పనికొస్తాయి. ప్రాసెసరు పేరు చివర 'టీ' అక్షరం ఉన్నది అడగండి, అది తక్కువ కరెంటు తీసుకునే రకం. ఊరికే ఉన్నప్పుడు పది వాట్ల అటూఇటూ తీసుకుంటాయి. ఎస్‌ఎస్‌డీ లోపలే బిగించుకోవచ్చు, ఊడిపోయే వైర్లుండవు. ర్యామ్ నాలుగు జీబీ ఉన్నా చాలు, ఎనిమిది ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

కొత్తదే కావాలనుకుంటే ఇంటెల్ ఎన్100 చిప్పుతో వచ్చే అరచేతి పెట్టెలు మంచివి. ఈ చిప్పు 2023లో వచ్చింది, నాలుగు కోర్లు, ఆరు వాట్ల రకం. వీటిలో నాకు నచ్చే సంగతి ఇంకోటుంది: చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే. ఇన్వర్టరు లేని ఇంట్లో రూటరుకి పెట్టే చిన్న డీసీ యూపీఎస్ లాంటిదే, పెట్టె అడిగినన్ని ఆంపియర్లు ఇవ్వగలిగింది చూసి దీనికీ తగిలించేయొచ్చు. ఆఫీసు మినీలకు 19, 20 వోల్టులు కావాలి కాబట్టి ఆ వీలు లేదు. ఫ్యాను లేని ఎన్100 పెట్టె ఆంప్లిఫయరు పక్కకి బాగుంటుంది గానీ, మే నెలలో గాలాడని అలమరాలో పెడితే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద నాకు ప్రేమ తగ్గలేదు. పాటలు మాత్రమే వినే ఇంటికి, ముఖ్యంగా ఆంప్లిఫయరు పక్కన చప్పుడు లేకుండా కూర్చోవాల్సిన పెట్టెకు, దాన్ని మించింది లేదు. నాలుగైదు వాట్లు చాలు. ఈ పనికి 2019లో వచ్చిన పై 4, రెండు జీబీ ర్యామ్‌ది సరిపోతుంది. పై 5 కొంటే అదనంగా వచ్చేది వేగమే, దానితో పాటు వేడీ, పెద్ద అడాప్టరూ వస్తాయి. పై 3 చేతిలో ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

కాకపోతే రాస్ప్‌బెర్రీ పైకి అడాప్టరే ప్రాణం. ఫోను ఛార్జరు పెట్టి, సన్నటి పొడుగాటి కేబులు వేసి, 'పై మంచిది కాదు' అని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి. పై 5కి 5 ఆంపియర్లది. మూడు ఆంపియర్లది పెడితే పై 5 తన యూఎస్‌బీ సాకెట్లన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది, దాని మీద డిస్కు నడవదు. పై 4 మీద ఎర్ర లైటును కాసేపు చూడండి. పాటలు ఎక్కుతున్నప్పుడు అది మధ్యమధ్యలో ఆరిపోయి వెలుగుతుంటే వోల్టేజీ 4.63 కిందకు పడిపోతోందని అర్థం. డిస్కు లోపలినుంచి టక్కుటక్కుమంటుంటే అదే జబ్బు. అడాప్టరు మార్చండి, డిస్కు మార్చేయకండి.

ఇంకో దారి, డబ్బు పెట్టక్కర్లేనిది: పాత లాప్‌టాప్. స్క్రీను పగిలినా, కీబోర్డు పోయినా ఫరవాలేదు. బ్యాటరీ అరగంట నిలిస్తే చాలు, లోపలే యూపీఎస్ ఉన్నట్టు. మొంథా తుపాను వచ్చిన 2025 అక్టోబరు 28 రాత్రి, కరెంటు పోతూ వస్తూ ఉన్నంత సేపూ మా బావగారింట్లో పాత లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. మూత వేస్తే నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి, ఛార్జింగును 60 నుంచి 80 శాతం మధ్య ఆపే ఏర్పాటు ఉంటే పెట్టాలి. అరనెలకోసారి దాన్ని బల్ల మీద పెట్టి చూడండి. అడుగు సమంగా ఆనకుండా ఊగుతుంటే, టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే బ్యాటరీ ఉబ్బుతోందన్నమాట. ఆ రోజే తీయించేయండి. ఇంట్లో ఎవరూ చూడని మూల పెట్టే ఉద్దేశముంటే లాప్‌టాప్ వద్దు.

ఐదో పని: కొట్టులో చూడాల్సినవి

రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు అమ్మే కొట్లున్నాయి. ఎక్కడ కొన్నా అక్కడే స్విచ్చి వేయించి చూడండి. తొందరపెడితే ఇంకో కొట్టుకి పోండి.

ముందు బయోస్ (విండోస్ రాకముందే కంప్యూటరు లోపలి సెట్టింగులు చూపే తెర) తెరిపించండి. పాస్‌వర్డు అడిగిందంటే ఆ కంప్యూటరు వద్దు, ఆఫీసువాళ్ళు వేసిన తాళం మనకి విప్పడం కష్టం. తెరుచుకుంటే అందులో పవర్ విభాగానికి వెళ్ళి, కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగు వెతకండి. 'ఆఫ్టర్ పవర్ లాస్' అనో, 'ఏసీ రికవరీ' అనో ఉంటుంది. చిన్న ఎన్100 పెట్టెల్లో 'స్టేట్ ఆఫ్టర్ జీ3' అన్న పేరుతో దాక్కుని ఉంటుంది, దాన్ని 'ఎస్0' చేయాలి. 'పవర్ ఆన్' అని పెట్టి, సేవ్ చేసి, గోడ దగ్గర స్విచ్చి ఆపండి. పది లెక్కపెట్టి మళ్ళీ వేయండి. బటను ముట్టుకోకుండా కంప్యూటరు లేస్తే సగం పరీక్ష గెలిచినట్టే. నేను ఊళ్ళో లేనప్పుడు అమ్మకి పాట వస్తోందంటే ఈ ఒక్క సెట్టింగు వల్లే. రాస్ప్‌బెర్రీ పైకి ఈ బాధ లేదు, కరెంటు రాగానే అదే లేస్తుంది.

స్విచ్చి ఆపి వేశాక గడియారం, తారీఖు చూడండి. ఏళ్ళ వెనక్కి పోయుంటే లోపల రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగి మార్పించండి, చిన్న ఖర్చు. మార్చకుండా వదిలేస్తే మీరు పెట్టిన ఆ సెట్టింగు కూడా కరెంటు పోయినప్పుడు చెరిగిపోవచ్చు.

తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాను వినండి. గరగరమంటుంటే లోపల ధూళి, లేదా అరిగిపోయింది. అడాప్టరు ఆ కంప్యూటరుదేనా చూడండి. లెనోవోకి నలుచదరపు మూతి, డెల్, హెచ్‌పీలకి గుండ్రటిది, ఒకదానిది ఇంకోదానికి పనిచేస్తుందనుకోకండి. అడాప్టరు లేకుండా అమ్మితే దాని ధర కూడా వేసుకుని బేరమాడండి. ఎస్‌ఎస్‌డీ పాతదే ఇస్తుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అన్న ప్రోగ్రాములో దాని ఆరోగ్యం చూపించమనండి. నా మాట వింటే ఎస్‌ఎస్‌డీ మాత్రం కొత్తది కొనండి.

ఆరో పని: ఏ ప్రోగ్రాము?

ఇది కంప్యూటరుతో పాటే తేల్చుకోవాలి. ఇంట్లో రెండు మూడు గదుల్లో ఒకే పాట ఒకేసారి మోగాలంటే లిరియన్ మ్యూజిక్ సర్వరు. దీనికి పెద్ద చరిత్రే ఉంది: స్లిమ్ డివైసెస్ అనే కంపెనీ మొదలుపెట్టింది, 2006లో లాజిటెక్ కొంది, దాని ప్లేయర్లను 2012లో ఆపేసింది. వాడేవాళ్ళు మాత్రం వదల్లేదు. 2024 నుంచి లిరియన్ అన్న పేరుతో వాళ్ళే నడుపుతున్నారు. పై మీద అయితే పైకోర్‌ప్లేయర్ అనే చిన్న వ్యవస్థతో ఇది వస్తుంది. అది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, ఊరికే కార్డు మీద రాయదు. అందుకే కరెంటు ఠక్కున పోయినా కార్డు చెడదు. నా మొదటి పైలో ఇదే ఉండుంటే అమ్మ పాటల వరస పోయేది కాదు. లిరియన్ సర్వర్ని కూడా ఆ పైలోనే పెడితే దాని డేటాబేసు కార్డు మీద కాకుండా ఎస్‌ఎస్‌డీ మీదకు మార్చే సెట్టింగు ఉంది, మర్చిపోకండి.

ఫోన్లలో వినడమే ముఖ్యమైతే, ముఖ్యంగా మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్నవాళ్ళు కూడా ఇంటి పాటలు వినాలంటే, నావిడ్రోమ్ తేలిక. చాలా తక్కువ ర్యామ్‌తో నడుస్తుంది, పాటను చిన్నది చేసి పంపగలదు. బయటి నుంచి ఇంట్లోకి రావడానికి టెయిల్‌స్కేల్ లాంటిది వేసుకోండి. రూటర్లో తలుపులు తెరిచి వదిలేయడం మంచిది కాదు.

పాటలుండే డిస్కును లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేయండి. అది చేసే పనిని ముందు చిట్టాలో రాసుకుని చేస్తుంది, మధ్యలో కరెంటు పోయినా లేచాక సరిచేసుకోగలదు. పెన్‌డ్రైవులకు వాడే ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు.

ఏడో పని: ఎక్కడ పెట్టాలి

రూటరు పక్కన, వైరుతో కలపండి. యూఎస్‌బీ 3 డిస్కు నడుస్తుంటే దాని పక్కనే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తడబడుతుంది, 'పాట ఆగిఆగి వస్తోంది' అన్న ఫిర్యాదుల్లో కొన్ని అందువల్లే. వైరు వేస్తే కంప్యూటరు వరకూ ఆ గొడవ ఉండదు.

నేల మీద వద్దు, వరద నీళ్ళ సంగతి మనకి చెప్పక్కర్లేదు. వంటింటి గోడకీ, ఏసీ నీళ్ళు కారే చోటికీ దూరంగా, నడుమెత్తు బల్ల మీద పెట్టండి. వానాకాలంలో దాన్ని ఆపి మూల పడేయకండి, నడుస్తున్న కంప్యూటరు తన వేడితో తనే చెమ్మ ఆరబెట్టుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు, నర్సాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్ళు ఆరు నెలలకోసారి ప్లగ్గులు తీసి చూడండి. రాగి మీద పచ్చటి కిలుము పడితే కాంటాక్ట్ క్లీనరుతో తుడిచి, ఆరాక పెట్టండి. చీమలకి బల్ల కాళ్ళ దగ్గర మందు వేయండి, కంప్యూటరు మీద కొట్టకండి.

ఉరుములు దగ్గరపడితే ప్లగ్గు ఊడబీకడమే మేలు. ఫైబరు గాజు పోగులో కరెంటు రాదు గానీ, రూటరు అడాప్టరు దారిలో వచ్చి వైరు గుండా సర్వర్లోకి పోతుంది, అందుకని రెండూ పీకండి.

ఆఖరి పని: లాగి చూడటం, రెండో కాపీ

అంతా సిద్ధమయ్యాక, రెండో కాపీ తీసుకున్నాక, పాట మోగుతుండగా గోడ స్విచ్చి ఆపేయండి. మళ్ళీ వేసి, పాట ఎన్ని నిమిషాలకి వస్తుందో చూడండి. ఇలా పదిసార్లు. ఇది పెట్టెను హింసించడమేనని కొందరంటారు. ఎలాగూ ఈ పని ఏ వానాకాలం రాత్రో జరిగేదే, అదేదో మీరు పక్కన ఉన్నప్పుడే జరగనివ్వండి.

రెండో కాపీ అంటే ఆ తిరిగే హార్డ్‌డిస్కే. పాటలన్నీ దాంట్లోకి ఎక్కించి, ఊడదీసి, సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో పెట్టండి. అది అదే ఇంట్లో ఉండకూడదు. 1996 నవంబరు 6 తుపానుకి మా పెంకులు లేచిపోయి అటక మీద కాసెట్లు సగం తడిసిపోయాయి, వాటిలో నాన్నగారు రికార్డు చేసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు మా డిస్కు రాజమండ్రిలో మా చెల్లెలి బీరువాలో ఉంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తుంది, ఆ ఏడాది చేరిన పాటలు భోగి రోజు ఎక్కిస్తాం, కనుమ వెళ్ళాక తిరిగి తీసుకెళ్తుంది.